విండోసా, లినక్సా, క్రోమా? మీ కంప్యూటరుకు ఏది సరిపడుతుందో తేల్చుకునే పద్ధతి

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆపేసింది. ఆరేడేళ్ల కిందట కొన్న లాప్‌టాప్‌లు దాదాపు అన్నీ దానితో వచ్చినవే. దక్షిణ ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం వైపు ఇళ్లలోనూ కొట్లలోనూ అవి ఇంకా నడుస్తున్నాయి. వాటిలో ఇప్పుడు ఏ సిస్టం (ఆపరేటింగ్ సిస్టం) వేయాలి? విండోస్ 11 ఎక్కించాలా, ఉచితంగా దొరికే లినక్స్ పెట్టాలా, గూగుల్ వాళ్ల క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ చాలా, మొత్తం అమ్మేసి మాక్ కొనాలా? రిపేరు కొట్టులో అడిగితే వాళ్లకు వేయడం వచ్చింది చెప్తారు. ఇంజినీరింగ్ చదివే మేనల్లుణ్ని అడిగితే వాడికి నచ్చింది చెప్తాడు.

మన వైపు ఇంకో మెలిక ఉంది. ఇంట్లో మాట తెలుగు, ఆఫీసులో అర్జీ ఒడియా, కంప్యూటరు మెనూలు ఇంగ్లీషు. ఒకే మిషను మీద పొద్దున తెలుగులో శుభలేఖ కొట్టి, మధ్యాహ్నం ఒడియాలో దరఖాస్తు కొట్టాల్సి వస్తుంది. హైదరాబాదులో కూర్చుని రాసిన సలహాల్లో ఆ రెండో లిపి ఊసే ఉండదు. అందుకని ఇక్కడ టైపింగు గురించీ ప్రింటరు గురించీ ఎక్కువ ఉంటుంది. డెస్క్‌టాప్ ఎంత అందంగా ఉంటుందన్నది ఎవరికి వాళ్లు చూసుకోవచ్చు.

1. ముందు పనులు కాగితం మీద పెట్టండి

గత నెల రోజుల్లో ఆ కంప్యూటరు మీద ఏమేం చేశారో వరసగా రాయండి. రాసినవాటిలో బ్రౌజరులో జరిగేవాటిని కొట్టేయండి. ఒడిశా భూలేఖ్ సైటులో పట్టా చూసుకోవడం, శ్రీకాకుళం జిల్లాలో పొలం ఉంటే మీభూమిలో అడంగల్ తీసుకోవడం, బ్యాంకు పని, మెయిలు, యూట్యూబు, పరీక్షల దరఖాస్తులు: ఇవన్నీ ఏ సిస్టంలోనైనా ఒకేలా నడుస్తాయి. వీటి కోసం విండోసే ఉండాలన్నది వట్టి అపోహ.

కొట్టేయగా మిగిలినవే అసలు సంగతి తేలుస్తాయి. ఈ కింది వాటిలో ఒక్కటి మిగిలినా విండోస్ దగ్గరే ఉండండి:

- టాలీ. అది విండోస్ ప్రోగ్రామే. లినక్స్‌లో వైన్ అనే ఉపాయంతో తెరవగలిగినా, రోజువారీ లెక్కలు దాని మీద పెట్టడం మంచిది కాదు. ఆడిటరు ఫైలు అడిగిన రోజే అది మొండికేస్తుంది.
- అను స్క్రిప్టు, పేజ్‌మేకర్, ఫోటోషాప్‌తో నడిచే డీటీపీ పని.
- జీఎస్‌టీ, టెండర్ల కోసం వాడే డిజిటల్ సంతకం టోకెన్. లినక్స్‌లో కూడా డ్రైవర్లు దొరికే టోకెన్లు ఉన్నాయి. కానీ సంతకం చేయించే సాఫ్ట్‌వేర్, బ్రౌజరు, టోకెను డ్రైవరు మూడూ ఒకదానితో ఒకటి కుదరాలి. గడువు తేదీ సాయంత్రం ఆ తగువు పెట్టుకోకూడదు.
- ఆధార్ వేలిముద్ర మిషను. దానికి కావలసిన ఆర్‌డీ సర్వీసును (వేలిముద్రను భద్రంగా పంపే ప్రోగ్రాం) తయారీదార్లు విండోస్‌కీ ఆండ్రాయిడ్‌కీ చూసుకుని చేస్తారు.
- మాక్రోలు (లెక్కలను వాటంతట అవే చేసే ఆదేశాలు) నిండిన ఎక్సెల్ ఫైళ్లు.

ఉత్తరాలు, మార్కుల పట్టికలు, చిన్న లెక్కలు అయితే లిబ్రే ఆఫీస్ చాలు. అది ఉచితం. విండోస్‌లోనూ లినక్స్‌లోనూ ఉంది కాబట్టి ముందు ఇప్పుడున్న విండోస్‌లోనే వేసుకుని పదిహేను రోజులు వాడి చూడండి. దానితోనే పొసగకపోతే లినక్స్ ఆలోచన అక్కడితో ఆపేయొచ్చు.

2. మిషను ఏ తరానిదో చూడండి

విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన డబ్బాలో ఎంఎస్‌ఇన్ఫో32 (msinfo32) అని కొట్టండి. తెరుచుకున్న జాబితాలో నాలుగు లైన్లు రాసుకోండి: ప్రాసెసర్, ఇన్‌స్టాల్డ్ ఫిజికల్ మెమరీ, బయోస్ మోడ్, సెక్యూర్ బూట్ స్టేట్.

ఇంటెల్ ప్రాసెసరు పేరులో ఐ3, ఐ5, ఐ7 తరవాత మొదట వచ్చే ఒకటి రెండు అంకెలే దాని తరం. ఐ5-7200యూ అంటే ఏడో తరం, ఐ5-8250యూ అంటే ఎనిమిదో తరం. ఐ5-1035జీ1 దగ్గర జనం పొరబడతారు. అది ఒకటో తరం కాదు, పదో తరం. విండోస్ 11కి కొద్ది మినహాయింపులు పోను ఇంటెల్‌లో ఎనిమిదో తరం, ఏఎండీలో రైజెన్ 2000 వరస నుంచి పైవి కావాలి. దాంతోపాటు టీపీఎం 2.0 (మిషనులోని సెక్యూరిటీ భాగం), సెక్యూర్ బూట్‌కు వీలున్న యూఈఎఫ్‌ఐ (కొత్త తరహా బయోస్), 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజి ఉండాలి. 4 జీబీ అని కాగితం మీదే. క్రోమ్‌లో నాలుగు ట్యాబులు తెరిచి వర్డ్ పక్కన పెడితే మిషను నిలబడిపోతుంది. నిజానికి 8 జీబీ లేనిదే విండోస్ 11 వేయకండి.

టీపీఎం లేదని చూపిస్తే వెంటనే ఆశ వదులుకోవద్దు. ఎనిమిదో తరం, ఆపై బోర్డుల్లో అది ఉండి కూడా బయోస్‌లో (మిషను ఆన్ చేస్తూనే తెరవగలిగే సెట్టింగుల తెర) ఆపేసి ఉండొచ్చు. ఇంటెల్ అయితే పీటీటీ అని, ఏఎండీ అయితే ఎఫ్‌టీపీఎం అని ఉంటుంది. ఆన్ చేసి, మైక్రోసాఫ్ట్ వాళ్ల పీసీ హెల్త్ చెక్ యాప్‌తో మళ్లీ చూడండి. బయోస్ మోడ్ దగ్గర లెగసీ అని ఉంటే డిస్కు పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉందన్నమాట. దాన్ని జీపీటీకి మార్చే పరికరం, ఎంబీఆర్2జీపీటీ, విండోస్‌లోనే ఉంది. ఫైళ్లు పోకుండానే మారుస్తుంది. అయినా ముందు బ్యాకప్ తీసుకోవాల్సిందే.

ఈ పరీక్షలను దాటవేసి, పెన్‌డ్రైవు మీద ఇన్‌స్టాలరు రాసే రూఫస్ అనే ప్రోగ్రాంతో పాత మిషన్లలో విండోస్ 11 ఎక్కించేవాళ్లు ఉన్నారు. ఎక్కుతుంది. ముందుముందు అప్‌డేట్లు వస్తాయన్న పూచీ మాత్రం మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. 24హెచ్2 వెర్షను నుంచి కోర్ 2 డ్యూయో కాలపు ప్రాసెసర్ల మీద అది అసలు బూటే కాదు, ఎందుకంటే దానికి కావలసిన ఆదేశాలు ఆ చిప్పుల్లో లేవు.

ఇక డిస్కు. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ నొక్కి, ఎడమ పక్క డిస్క్ 0 కింద చూడండి. అక్కడ హెచ్‌డీడీ అని ఉండి, మిషను తెరిచిన పది నిమిషాల దాకా 100 శాతం చూపిస్తుంటే మీ అసలు జబ్బు అదే. తిరిగే డిస్కు మీద ఏ సిస్టం మార్చినా పెద్ద తేడా రాదు. ముందు 240 లేదా 256 జీబీ, 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ వేయించండి. ర్యామ్ పెంచేటప్పుడు పాత చిప్పు మీద ఏముందో చదవండి. నాలుగు, ఐదో తరం లాప్‌టాప్‌లు చాలావాటికి 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ కావాలి. మామూలు 1.5 వోల్టుల డీడీఆర్3 అదే గాడిలో చక్కగా కూర్చుంటుంది, కానీ స్క్రీను వెలగకపోవచ్చు. పాత చిప్పును పట్టుకెళ్లి చూపించి కొంటే ఈ తిరుగుడు ఉండదు.

3. ఏ కీబోర్డు అలవాటో తేల్చండి

తెలుగు టైపు చేసేవాళ్లు మూడు తెగలు. మీరు ఏ తెగో తెలియకుండా సిస్టం మారిస్తే మొదటి వారంలోనే వెనక్కి వస్తారు.

మొదటిది ఇన్‌స్క్రిప్ట్. రెండు లిపులతో బతికేవాళ్లకు ఇంతకన్నా మంచిది లేదు, కారణం చూడండి. ఇన్‌స్క్రిప్ట్‌లో తెలుగు, ఒడియా, హిందీ లాంటి భాషలకు అక్షరాల చోటు ఒకటే. న అన్నది వి కీ మీద, గ అన్నది ఐ మీద, ర అన్నది జె మీద, సున్నా ఎక్స్ మీద ఉంటాయి. తెలుగు కీబోర్డు పెట్టి వి, ఐ, జె, ఎక్స్ నొక్కితే నగరం. విండోస్ కీ, స్పేసు నొక్కి ఒడియాకు మారి వి, ఐ, జె నొక్కితే ఒడియా లిపిలో నగర. వేళ్లు కొత్తగా నేర్చుకునేదేమీ లేదు. కాశీనగర్‌లో తెలుగు టైపు నేర్చుకున్న పిల్ల అదే నెలలో ఒడియా కూడా కొట్టగలదు. గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి వస్తాయి. పొల్లు డి మీద ఉంటుంది. మొదటి పది రోజులు విసుగు పుడుతుంది, తరవాత చెయ్యి పరుగెడుతుంది.

రెండోది ఇంగ్లీషు అక్షరాలతో పలికినట్టు కొట్టడం. విండోస్ 10లో 2019 మే అప్‌డేట్ నుంచి తెలుగు ఫొనెటిక్, ఒడియా ఫొనెటిక్ కీబోర్డులు సిస్టంతోనే వస్తున్నాయి. విండోస్ 11లో సెట్టింగ్స్, టైం అండ్ లాంగ్వేజ్, లాంగ్వేజ్ అండ్ రీజియన్, యాడ్ ఎ లాంగ్వేజ్ నొక్కి తెలుగు తీసుకోండి. దాని పక్క మూడు చుక్కల్లో లాంగ్వేజ్ ఆప్షన్స్, అక్కడ యాడ్ ఎ కీబోర్డ్. తెలుగు అని ఊరికే ఉన్నది ఇన్‌స్క్రిప్ట్, తెలుగు ఫొనెటిక్ అన్నది పలికినట్టు కొట్టేది. అలాగే ఒడియాకూ చేయండి. భాషా ప్యాకు దించేటప్పుడు స్పీచ్, హ్యాండ్‌రైటింగ్ టిక్కులు తీసేస్తే డేటా మిగులుతుంది.

ఇక్కడ ఒకటి తెలుసుకోవాలి. మన దగ్గర అమ్మే లాప్‌టాప్‌లు చాలావాటిలో విండోస్ హోమ్ సింగిల్ లాంగ్వేజ్ ఉంటుంది. ఆ పేరు చూసి "ఒక్క భాషే టైపు చేయగలం" అనుకుంటారు. కాదు. మెనూలు కనిపించే భాషను మార్చలేరంతే. కీబోర్డులు ఎన్నైనా చేర్చుకోవచ్చు.

లినక్స్ రకాల్లో ఒకటైన లినక్స్ మింట్‌లో సాఫ్ట్‌వేర్ మేనేజర్ తెరిచి ఐబస్-ఎం17ఎన్ (ibus-m17n) వెతికి వేయండి. తరవాత ఇన్‌పుట్ మెథడ్ అన్న చోట ఐబస్‌ను ఎంచుకుని, లాగౌట్ అయి మళ్లీ లోపలికి రండి. ఈ లాగౌట్ మరిచిపోయి "లినక్స్‌లో తెలుగు రాదు" అనేవాళ్లే ఎక్కువ. ఐబస్ ప్రిఫరెన్సెస్‌లో తెలుగు కింద ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, ఐట్రాన్స్, పోతన, యాపిల్ లేఅవుట్లు కనిపిస్తాయి. ఒడియా కోసం ఒడియా అన్న పేరుతో దొరక్కపోతే ఒరియా అని వెతకండి, కొన్ని చోట్ల ఇంకా పాత పేరే ఉంది. ఫొనెటిక్ వాళ్లకో హెచ్చరిక: విండోస్‌లో మీరు సగం కొడితే మాటలు సూచిస్తుంది. ఐట్రాన్స్, ఆర్‌టీఎస్ సూచించవు, కొట్టింది కొట్టినట్టే వేస్తాయి. దీర్ఘానికి ఏం నొక్కాలో, ఒత్తుకు ఏం నొక్కాలో తెలిసుండాలి. అలవాటు పడటానికి వారం పడుతుంది.

మూడో తెగ డీటీపీ వాళ్లు. అనులో యాపిల్ లేఅవుట్ మీద కొట్టేవాళ్లు. ఆ యాపిల్‌కూ, ఇప్పటి మాక్ కంప్యూటరు కొనడానికీ సంబంధం లేదు. కీల అమరిక పేరంతే. అనుతో కొట్టింది యూనికోడ్ (ఏ మిషను మీదైనా తెలుగు తెలుగులాగే చదవగలిగే పద్ధతి) కాదు. ఇంగ్లీషు అక్షరాల చోట తెలుగు బొమ్మలు పెట్టిన ఫాంటు అది. ఒడియా వైపు ఆకృతి ఫాంట్లదీ ఇదే కథ. అందుకే ఆ ఫైలు ఆ ఫాంటు లేని మిషను మీద తెరిస్తే అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. పదిహేనేళ్ల శుభలేఖలు, కరపత్రాలు అనులో ఉన్న కొట్టు లినక్స్‌కి మారితే ఆ మూట మొత్తం చదవడానికి పనికిరాకుండా పోతుంది. వీళ్లకు విండోస్ తప్ప మార్గం లేదు. కొత్తగా కొట్టేవి మాత్రం యూనికోడ్‌లో కొడుతూ పోతే ఐదేళ్ల తరవాత ఈ కట్టు తెగుతుంది.

ఒక మిషను నుంచి ఇంకోదానికి ఫైళ్లు వెళ్లేవాళ్లు ఫాంటు కూడా కలిపి ఆలోచించండి. విండోస్‌లో నిర్మలా యూఐ ఫాంటుతో చేసిన వర్డ్ ఫైలు లినక్స్‌లో తెరిస్తే ఆ ఫాంటు ఉండదు. ఇంకో ఫాంటు వచ్చి కూర్చుంటుంది, లైన్లు జరుగుతాయి, రెండు పేజీల అర్జీ మూడు పేజీలవుతుంది. రెండు వైపులా నోటో సాన్స్ తెలుగు, నోటో సాన్స్ ఒరియా వేసుకుని వాటిలోనే రాయండి. పంపేటప్పుడు పీడీఎఫ్ చేసి పంపండి.

4. ప్రింటరు మోడలు చదవండి

సిస్టం మార్చాక జనం మొదట తిట్టుకునేది ప్రింటరు దగ్గరే. విండోస్‌లో నడిచింది కదా అని లినక్స్‌లో నడవదు. ముందు మోడలు నంబరు చూడండి.

కెనాన్ ఎల్‌బీపీ2900 ఉన్నవాళ్లు బాగా ఆలోచించండి. అది క్యాప్ట్ అనే కెనాన్ సొంత భాష మాట్లాడుతుంది. లినక్స్ డ్రైవరు ఉన్నా ఎక్కించడం తలనొప్పి. ఒక రోజు నడిచి, ఇంకో రోజు పేజీ క్యూలో ఇరుక్కుంటుంది. రోజూ ప్రింట్లు తీసే కొట్టులో ఈ ప్రింటరు ఉంటే లినక్స్ వద్దు. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 కుదురుతుంది, కానీ హెచ్‌పీఎల్‌ఐపీ (హెచ్‌పీ ప్రింటర్ల లినక్స్ డ్రైవరు) వేశాక దాని ప్లగిన్‌ను విడిగా నెట్ నుంచి దించాలి. దించకపోతే ప్రింటరు పేరు కనిపిస్తుంది, కాగితం కదలదు. ఆ ప్రింటరు ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటరు నుంచి ఫర్మ్‌వేర్ (దాన్ని నడిపే ప్రోగ్రాం) అందుకుంటుంది, ఆ ఫర్మ్‌వేర్ ప్లగిన్‌లో ఉంటుంది. ఎప్సన్ ఎల్ వరస ఇంకు ట్యాంకు ప్రింటర్లు, వైఫై ఉన్న కొత్త ప్రింటర్లు చాలావరకు పేచీ పెట్టవు. బ్రదర్ వాళ్లు లినక్స్ డ్రైవర్లు తమ సైటులోనే ఇస్తారు.

5. ఇప్పుడు తేల్చండి

మొదటి మెట్టులో విండోస్ పని మిగిలి, మిషను ఎనిమిదో తరం పైది, 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉంటే విండోస్ 11. లాప్‌టాప్‌తో వచ్చిన లైసెన్సు బోర్డులోనే ఉంటుంది. అదే ఎడిషను మళ్లీ వేస్తే నెట్ తగలగానే దానంతట అదే యాక్టివేట్ అవుతుంది. విండోస్ 7, 8 పాత కీలతో పైకి వెళ్లే దారిని మైక్రోసాఫ్ట్ 2023 సెప్టెంబరులో మూసేసింది. నెట్‌లో కొద్ది వందలకు అమ్మే కీలు కొనకండి. చాలావరకు కంపెనీలకిచ్చిన వాల్యూమ్ కీలు అవి, ఏ నెలలో పడితే ఆ నెలలో ఆగిపోతాయి. క్రాక్ యాక్టివేటర్లు అంతకన్నా పాపం. ముందు యాంటీవైరస్ ఆపమని అడిగే సాఫ్ట్‌వేరును బ్యాంకు పని చేసే మిషను మీద నడపడం ఏం పని?

విండోస్ పని ఉంది కానీ మిషను పాతదైతే, వెర్షను 22హెచ్2 ఉన్న విండోస్ 10లో అప్‌డేట్ పేజీ తెరిచి ఎన్‌రోల్ నౌ నొక్కండి. అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 వరకు వస్తాయి. ఇది మందు కాదు, గడువు. ఆలోపు డబ్బు కూడబెట్టుకోవాలి.

విండోస్ పని ఏదీ మిగలకపోతే, మిషను 64-బిట్ అయి 4 జీబీ ర్యామ్ ఉంటే లినక్స్ మింట్. ర్యామ్ 4 జీబీ అయితే ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషను, 8 ఉంటే సినమన్. మింట్ 22 వరసకు 2029 దాకా అప్‌డేట్లు ఉంటాయి. ఉబుంటు, ఫెడోరా, సీడాక్ వాళ్ల బాస్ లినక్స్ కూడా ఉన్నాయి. మొదటిసారి వచ్చేవాళ్లకు మింటే తేలిక, మెనూ విండోస్ వాళ్లకు తెలిసిన చోటే ఉంటుంది.

పిల్లల చదువు, యూట్యూబు, మెయిలు మాత్రమే అయితే క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ చూడొచ్చు. 4 జీబీ ర్యామ్, 16 జీబీ స్టోరేజి చాలు. మూడు సంగతులు ముందే తెలియాలి: ఆండ్రాయిడ్ యాప్‌లు, ప్లే స్టోరు అందులో ఉండవు; డిస్కు మొత్తం తుడిచేస్తుంది, పక్కన విండోస్ ఉంచదు; మొదటిసారి లోపలికి వెళ్లడానికి నెట్ కావాలి, తరవాత కూడా ఎక్కువ పని నెట్ మీదే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి జిల్లాను కొట్టినప్పుడు కరెంటూ సిగ్నలూ ఏమయ్యాయో గుర్తున్నవాళ్లు ఉన్న ఒక్క మిషనునూ నెట్ మీద ఆధారపడేలా పెట్టుకోకూడదు.

మాక్ గురించి రెండు మాటలు. అది యాపిల్ మిషను మీదే నడుస్తుంది, కాబట్టి ఇది సిస్టం మార్చడం కాదు, కొత్త కంప్యూటరు కొనడం. 2020 చివర్లో వచ్చిన ఎం1 నుంచి బూట్ క్యాంప్ లేదు, అంటే విండోస్‌ను పక్కన వేసుకోలేరు. తక్కువకు దొరికే 2015, 2017 మాక్‌బుక్ ఎయిర్లకు మాంటెరీ తరవాత యాపిల్ కొత్త వెర్షన్లు ఇవ్వలేదు. టాలీ అందులోనూ లేదు.

6. పెన్‌డ్రైవు మీద నడిపి చూడండి

లినక్స్‌నూ ఫ్లెక్స్‌నూ డిస్కు ముట్టుకోకుండా పెన్‌డ్రైవు నుంచే నడిపి చూడొచ్చు. ఈ మెట్టు మానకండి.

8 జీబీ లేదా అంతకన్నా పెద్ద పెన్‌డ్రైవు కావాలి, అందులోవన్నీ పోతాయి. మింట్ ఐఎస్ఓ ఫైలు (ఇన్‌స్టాల్ చేసే సిస్టం మొత్తం ఉండే ఫైలు) దాదాపు 3 జీబీ. రోజుకు 2 జీబీ ఇచ్చే ఫోను ప్యాకుతో అది ఒక్క రోజులో దిగదు, మధ్యలో స్పీడు కేబీల్లోకి పడిపోయి డౌన్‌లోడ్ తెగుతుంది. మింట్ సైటులోనే టొరెంటు లింకు ఉంటుంది, అది తీసుకుంటే రేపు ఆగిన చోట నుంచే అందుకుంటుంది. విండోస్ 11 ఫైలు 5 జీబీ దాటుతుంది. దాన్ని బ్రాడ్‌బ్యాండు ఉన్న చోట దించి తెచ్చుకోవడమే మేలు. తెచ్చే పెన్‌డ్రైవు ఎఫ్ఏటీ32లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు, ఖాళీ ఎంతున్నా "ఫైలు మరీ పెద్దది" అంటుంది. ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయండి.

దిగాక ఎస్‌హెచ్‌ఏ256 సంఖ్యను (ఫైలుకు వేలిముద్ర లాంటిది) సైటులో ఉన్నదానితో పోల్చండి. ఆ సంఖ్య తీసే సర్ట్‌యుటిల్ (certutil) కమాండు విండోస్‌లోనే ఉంది. మొదటి ఆరు, చివరి ఆరు అక్షరాలు కలిస్తే చెడిన డౌన్‌లోడ్ కాదని నమ్మొచ్చు. కలవని ఫైలుతో మొదలెడితే ఇన్‌స్టాల్ సగంలో ఆగి, స్క్వాష్‌ఎఫ్ఎస్ ఎర్రర్ అని పడుతుంది. అప్పుడు డిస్కు చెడిందని కంగారు పడతారు. రూఫస్‌తో పెన్‌డ్రైవు మీద రాయండి: పార్టిషన్ స్కీమ్ జీపీటీ, టార్గెట్ యూఈఎఫ్‌ఐ.

మిషను ఆపి, ఆన్ చేస్తూనే బూట్ మెనూ కీ గబగబా నొక్కండి. డెల్, లెనోవో చాలావాటికి ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9, అసుస్‌కి ఎస్కేప్. ఏసర్‌కీ ఎఫ్12నే, కానీ చాలా మోడళ్లలో ముందు బయోస్‌లో ఎఫ్12 బూట్ మెనూ ఎనేబుల్ చేయాలి.

డెస్క్‌టాప్ వచ్చాక వరసగా చూడండి: వైఫై కనబడుతోందా, శబ్దం వస్తోందా, వెలుగు తగ్గించే కీలు, టచ్‌ప్యాడు పనిచేస్తున్నాయా, మూత మూసి తెరిస్తే లేస్తోందా, ప్రింటరు ఒక పేజీ తీసిందా. బ్రౌజరులో లక్ష్మి, స్త్రీ, రాష్ట్రం అన్న మాటలు ఉన్న పేజీ తెరిచి ఒత్తులు సరిగ్గా కిందకి దిగాయో చూడండి. ఒడియా పేజీ ఒకటీ తెరవండి. ఫ్లెక్స్ అయితే రెండు లిపుల కీబోర్డులూ పెట్టుకుని కొట్టి చూశాకే నిర్ణయం. వేగాన్ని మాత్రం దీన్నిబట్టి అంచనా కట్టకండి, పెన్‌డ్రైవు మీద ఏదైనా నత్తనడకే.

వైఫై కనబడకపోతే ఫోనును యూఎస్‌బీ తీగతో కలిపి టెథరింగ్ ఆన్ చేయండి, నెట్ వస్తుంది. బ్రాడ్‌కామ్ కార్డులున్న పాత లాప్‌టాప్‌లలో ఇది మామూలే. ఇన్‌స్టాల్ చేశాక డ్రైవర్ మేనేజర్ తెరిస్తే డ్రైవరును అదే చూపిస్తుంది. విండోస్ 11 సెటప్‌లోనూ నెట్ అడిగే తెర దగ్గర ఇరుక్కుంటే ఇదే ఉపాయం.

7. ఎక్కించడం

బ్యాకప్ అంటే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లే కాదు. టాలీ డేటా ఫోల్డరు, బ్రౌజరులో దాచిన పాస్‌వర్డులు, వాట్సాప్ నుంచి దించిన ఫైళ్లు ఉండే డౌన్‌లోడ్స్ కూడా. అన్నీ వేరే డిస్కు మీదకు పోవాలి. "డీ డ్రైవులో పెట్టాను, భయం లేదు" అన్న మాటతో ఎన్ని పెళ్లి ఫొటోలు పోయాయో లెక్కలేదు. సీ, డీ రెండూ ఒకే డిస్కు మీద గీసిన గీతలు. ఇన్‌స్టాలరులో ఎరేజ్ డిస్క్ నొక్కితే రెండూ పోతాయి.

విండోస్‌ను ఉంచి పక్కన లినక్స్ వేసుకోవాలంటే ముందు విండోస్‌లో మూడు పనులు చేయండి. డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉందో చూసి, ఉంటే 48 అంకెల రికవరీ కీ మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోంచి తీసి కాగితం మీద రాసుకోండి. బయోస్‌లో ఏదైనా కదిపితే ఆ కీ అడుగుతుంది, కీ లేకపోతే లోపలున్నది ఎవరూ తీయలేరు. పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపండి. ఆపకపోతే విండోస్ పూర్తిగా మూతపడదు, లినక్స్ నుంచి ఆ డిస్కులో ఫైళ్లు చూడొచ్చు గానీ రాయనివ్వదు. మూడోది, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ డ్రైవును కుదించి కనీసం 50 జీబీ ఖాళీ వదలండి.

ఇన్‌స్టాలరుకు ఎస్ఎస్‌డీయే కనబడకపోతే బయోస్‌లో సాటా మోడ్ ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ మీద ఉందన్నమాట. దాన్ని ఏహెచ్‌సీఐకి మార్చాలి. విండోస్ కూడా కావాలంటే మార్చే ముందు దాన్ని సేఫ్ మోడ్‌లో తెరుచుకునేలా పెట్టి, మార్చాక ఒకసారి సేఫ్ మోడ్‌లో తెరిచి, తరవాత మామూలుకు తేవాలి. నేరుగా మారిస్తే నీలం తెర వస్తుంది.

ఎక్కించే రోజు బ్యాటరీ నిండుగా ఉండి, చార్జరు తగిలించే ఉండాలి. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ లేనిదే మొదలెట్టకండి, వేసవి సాయంత్రాలు గాలివాన వేళ అసలే వద్దు. ఇన్‌స్టాల్ మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదలెట్టొచ్చు. బయోస్ అప్‌డేట్ మధ్యలో పోతే మాత్రం బోర్డే చచ్చిపోవచ్చు.

8. మొదటి రోజు

మింట్‌లో అప్‌డేట్ మేనేజరు పూర్తిచేసి, డ్రైవర్ మేనేజరు చూసి, టైంషిఫ్ట్‌లో మొదటి స్నాప్‌షాట్ తీయండి. అప్‌డేట్ ఏదైనా తేడా చేస్తే అక్కడికి వెనక్కి వెళ్లొచ్చు. మామూలుగా అది సిస్టం ఫైళ్లనే దాస్తుంది, మీ ఫొటోలను కాదు. వాటి బ్యాకప్ వేరే.

రెండు సిస్టంలూ ఉన్నవాళ్లకు ఒక సిస్టంలో గడియారం ఐదున్నర గంటలు తేడా చూపిస్తుంది. బ్యాటరీ పోయిందని బయోస్ సెల్లు మార్పించేస్తారు. సెల్లుకు ఏమీ కాలేదు. విండోస్ బోర్డు గడియారాన్ని మన టైముగా చదువుతుంది, లినక్స్ గ్రీనిచ్ టైముగా చదువుతుంది. లినక్స్‌ను స్థానిక టైముకు మార్చితే చాలు.

ఎస్ఎస్‌డీ వేయించినవాళ్లు తీసేసిన పాత హార్డ్‌డిస్కును కొట్టులో వదిలి రాకండి. 2.5 అంగుళాల యూఎస్‌బీ కేసు కొని అందులో బిగించి ఇంటికి తెచ్చుకోండి, రెండు మూడు నెలలు ఫార్మాట్ చేయకండి. ఏ ఫోల్డరు మరిచిపోయారో ఆ లోపే బయటపడుతుంది.